డాక్టర్ ముసద్దిఖ్ జీవితం: ఒక సైనిక కుట్ర, ప్రపంచ దేశాల తీరు

మనిషి బతికి వుండగా లోకం ఇచ్చే తీర్పు ఒకటి. అతను పోయిన తర్వాత చరిత్ర ఇచ్చే తీర్పు మరొకటి. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం వుండగలదో తెలుసుకోవాలంటే ఇరాన్ దేశానికి 1951 నుంచి 1953 వరకు ప్రధానమంత్రిగా వున్న డాక్టర్ ముహమ్మద్ ముసద్దిఖ్ జీవితాన్ని చదవాలి. పార్లమెంటు ఎన్నుకున్న ప్రధానిని ట్యాంకులతో దించేశారు. ఆ రోజు పెద్ద దేశాలు ఏం చేశాయి, చిన్న దేశాలు ఏం చేశాయి, ఎవరు సంతోషించారు, ఎవరు ఊరుకున్నారు అన్న సంగతి నేటి యువకులు తప్పక తెలుసుకోదగినది.

ఇరాన్ మనకు మరీ పరాయి దేశమేమీ కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో అక్కడినుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ హైదరాబాదు నగర నిర్మాణంలో పాలుపంచుకున్నారు. ఫారసీ భాష దక్కను దర్బారుల్లో శతాబ్దాల తరబడి నడిచింది. నేటికీ హైదరాబాదులో ఏ మూలకు వెళ్ళినా ఇరానీ చాయ్ దొరుకుతుంది. ఇంత సంబంధం వున్నా ఆ దేశపు ఇటీవలి చరిత్ర మన పిల్లలకు తెలిసింది బహు తక్కువ. మేము బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేటప్పుడు ఇది ఎన్నోసార్లు గమనించాము. ఆ లోటు కొంతైనా తీరుతుందని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

బాల్యము, విద్య

ముసద్దిఖ్ 1882లో టెహ్రాన్ నగరంలో జన్మించారు. తండ్రి మీర్జా హిదాయతుల్లా రాజ్య ఆర్థిక శాఖలో పెద్ద అధికారి. తల్లి నజ్ముస్సల్తనా ఖాజార్ రాజవంశపు ఆడపడుచు. ఆ ఇల్లాలు దానశీలి. టెహ్రాన్‌లో తన ఆస్తిని వక్ఫ్ చేసి నజ్మియా ఆసుపత్రిని పెట్టించారు. ఆ ఆసుపత్రి ప్రస్తావన ఈ కథ చివర మళ్ళీ వస్తుంది.

పదేళ్ళ వయసులో తండ్రి కలరాతో పోయారు. ఇంకా మీసాలు రాని ప్రాయంలోనే, 1896లో, ఖురాసాన్ రాష్ట్రపు ఆదాయ వ్యయాల లెక్కలు చూసే ముస్తౌఫీ పదవి ఆయనకు ఇచ్చారు. ఆ పదవులు ఆ రోజుల్లో వంశపారంపర్యం. కాని ఆయన పేరుకు మాత్రం ఉద్యోగం చేయలేదు, లెక్కలు నిజంగా నేర్చుకున్నారు. రాజు ఇచ్చిన ముసద్దిఖుస్సల్తనా అన్న బిరుదే తర్వాత ఇంటిపేరుగా నిలిచింది.

1906లో ఇరాన్ ప్రజలు పోరాడి రాజ్యాంగాన్ని, మజ్లిస్ అనే పార్లమెంటును సాధించుకున్నారు. మొదటి మజ్లిస్‌కు ఇస్ఫహాన్ నుంచి ముసద్దిఖ్ ఎన్నికయ్యారు. కాని సభ్యుడికి ముప్ఫై ఏళ్ళు నిండాలన్నది నిబంధన. ఆయనకు అప్పటికి నిండలేదు కాబట్టి సభలో కూర్చోలేదు. తర్వాత చదువుకోసం పారిస్ వెళ్ళారు. ఆరోగ్యం చెడి తిరిగి వచ్చి, మళ్ళీ స్విట్జర్లాండ్‌లోని నెషాటెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1914లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నారు. ఆయన సిద్ధాంత వ్యాసానికి విషయం షియా ధర్మశాస్త్రంలో వీలునామా. స్వదేశానికి వచ్చి రాజనీతి పాఠశాలలో పాఠాలు చెప్పారు. అనగా ఆయన కూడా కొంతకాలం మావంటి పంతులే.

లెక్కలు ఒకవైపు, న్యాయశాస్త్రం ఒకవైపు. ఈ రెండు చదువులే జీవితాంతం ఆయనకు ఆయుధాలు. తుపాకీ ఆయన ఎన్నడూ పట్టలేదు.

కుట్రను మొదటిసారి ఎదిరించడం

1921 ఫిబ్రవరిలో రజా ఖాన్ అనే కొసాక్ దళ అధికారి సైన్యంతో టెహ్రాన్‌లో ప్రవేశించి ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నాడు. అప్పుడు ముసద్దిఖ్ షీరాజ్‌లో ఫార్స్ రాష్ట్ర గవర్నరుగా వున్నారు. సైనికుల బలంతో వచ్చిన ప్రభుత్వానికి తాను లోబడనని చెప్పి పదవి వదిలేశారు. కొత్త పాలకులు పట్టుకోకుండా బఖ్తియారీ తెగవారి వద్ద తలదాచుకున్నారు. ముప్ఫై రెండేళ్ళ తర్వాత తనకే జరగబోయే దానికి ఇది తొలి సూచన కాబోలు.

ఆ ప్రభుత్వం మూడు నెలల్లో మారింది. ముసద్దిఖ్ ఆర్థిక మంత్రి అయ్యారు, అజర్‌బైజాన్ గవర్నరుగానూ, విదేశాంగ మంత్రిగానూ చేశారు. కాని రజా ఖాన్ బలం పెరుగుతూనే వచ్చింది. 1925 అక్టోబరు 31న ఖాజార్ రాజవంశాన్ని తొలగించి రజా ఖాన్ చేతిలో అధికారం పెట్టే తీర్మానం మజ్లిస్ ముందుకు వచ్చింది. సభ్యులు చాలామంది భయంతోనో ఆశతోనో తల వూపారు. వ్యతిరేకించినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వారిలో ముసద్దిఖ్ ఒకరు. ఆయన వాదన సూటిగా వుంది. రాజ్యాంగం ప్రకారం రాజుకు బాధ్యతగల అధికారం వుండదు. రజా ఖాన్ మంచి మంత్రి అయితే రాజును చేసి ఆయన్ని పనికి రాకుండా చేయడమెందుకు? రాజుగానూ వుండి పరిపాలన కూడా తానే చేస్తే అది నియంతృత్వం కాదా? ఈ ప్రశ్నలకు సభలో జవాబు రాలేదు. ఓట్లు మాత్రం పడ్డాయి.

రజా షా పాలనలో ముసద్దిఖ్ తన అహ్మదాబాద్ గ్రామానికి చేరి సేద్యం చూసుకున్నారు. 1940లో ఏ నేరం చూపకుండా పట్టుకుని దూరాన బీర్జంద్‌లో బంధించారు. యువరాజు ముహమ్మద్ రజా స్నేహితుడైన ఒక స్విస్ దేశస్థుడి సిఫార్సుతో బయటపడ్డారు. అదే యువరాజు రాజయ్యాక ఆయన్ని మళ్ళీ బంధించాడు. చరిత్రలో ఇలాంటివి చాలా వుంటాయి.

చమురు కథ

రెండవ ప్రపంచ యుద్ధంలో 1941లో బ్రిటన్, సోవియట్ సైన్యాలు ఇరాన్‌లో దిగాయి. రజా షా గద్దె దిగి కొడుక్కి అప్పగించాడు. ముసద్దిఖ్ మళ్ళీ మజ్లిస్‌కు వచ్చారు. ఇక్కడి నుంచి కథంతా చమురు చుట్టూ తిరుగుతుంది.

1901లో విలియం డార్సీ అనే ఆయనకు ఇరాన్ రాజు అరవై ఏళ్ళపాటు చమురు తీసుకునే హక్కు ఇచ్చాడు. నికర లాభంలో దేశానికి వచ్చేది నూటికి 16 పాళ్ళు మాత్రమే. 1908లో మస్జిదె సులేమాన్ వద్ద చమురు పడింది. 1909లో కంపెనీ ఏర్పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే దానిలో సగానికి పైగా వాటా కొన్నది. దాంతో ఆ దేశపు యుద్ధనౌకలు ఇరాన్ చమురుతో నడిచాయి. 1933లో ఒప్పందాన్ని మార్చి గడువును 1993 వరకు పొడిగించారు. అబాదాన్‌లోని శుద్ధి కర్మాగారం ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. మన దేశానికి కూడా అక్కడినుంచి చమురు వచ్చేది, మన దేశంనుంచి పనివాళ్ళు కూడా అక్కడికి వెళ్ళేవారు. ఇంగ్లీషు అధికారులకు పచ్చిక తోటలు, ఈత కొలనులు. ఇరానీ కూలీలకు కాగజాబాద్ అనే గుడిసెల పేట. 1940ల చివరలో కంపెనీ నుంచి ఇరాన్‌కు వచ్చే వాటా కంటె బ్రిటిష్ ఖజానాకు పన్నుల రూపంలో పోయేదే ఎక్కువ. పుస్తకాలు తెరిచి లెక్కలు చూపమంటే కంపెనీ చూపేది కాదు. లెక్కలు తెలిసిన ముసద్దిఖ్‌కు కడుపు మండింది ఇక్కడే.

ఆయన ఒక్క బ్రిటన్‌నే ఎదిరించారనుకోవడం పొరపాటు. 1944లో ఏ విదేశానికీ చమురు హక్కుల గురించి మంత్రులు బేరసారాలు జరపకూడదని మజ్లిస్‌లో చట్టం చేయించారు. అది ఉత్తరాన సోవియట్ యూనియన్ ఆశలకు అడ్డు. ఎవరి వైపూ వాలకుండా మన ఇల్లు మనమే చూసుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. 1949లో జాతీయ సమాఖ్యను స్థాపించారు. 1950 డిసెంబరులో పక్కనే సౌదీ అరేబియాకు అమెరికన్ కంపెనీ సగం లాభం ఇవ్వటానికి వొప్పుకుంది. ఇరాన్‌లో అసహనం కట్టలు తెంచుకుంది. 1951 మార్చిలో మజ్లిస్ చమురును జాతీయం చేసింది. ఏప్రిల్ 28న 79 మంది అనుకూలంగా, 12 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా ముసద్దిఖ్ ప్రధానమంత్రి అయ్యారు.

ప్రపంచ న్యాయపీఠాల ముందు

బ్రిటన్ వెంటనే గట్టి దెబ్బ తీసింది. పర్షియన్ గల్ఫ్‌కు యుద్ధనౌకలు పంపింది. ఇరాన్ చమురు కొన్నవారిపై దావా వేస్తామని లోకమంతా హెచ్చరించింది. లండన్‌లోని ఇరాన్ సొమ్ము వాడకానికి ఆంక్షలు పెట్టింది. చక్కెర, ఉక్కు ఎగుమతి ఆపింది. అబాదాన్‌పై సైన్యాన్ని దింపాలన్న ఆలోచన కూడా చేసింది గాని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వొప్పుకోలేదు. 1951 అక్టోబరులో బ్రిటిష్ సిబ్బంది అబాదాన్ విడిచి వెళ్ళిపోయారు.

అదే నెలలో విషయం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఎక్కింది. ముసద్దిఖ్ డెబ్భై ఏళ్ళకు దగ్గరపడిన వయసులో, అనారోగ్యంతో, స్వయంగా న్యూయార్కు వెళ్ళి తన దేశం కేసు తానే వాదించారు. భారతదేశం అప్పుడు మండలిలో సభ్యదేశం. బ్రిటన్ తీర్మానానికి భారత్, యుగోస్లావియా కలిసి సవరణలు ప్రతిపాదించాయి. చివరకు అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చేవరకు చర్చ వాయిదా వేయాలని మండలి నిర్ణయించింది. బ్రిటన్ కోరింది జరగలేదు. తిరుగు ప్రయాణంలో ఆయన కైరోలో ఆగారు. ప్రధాని నహ్హాస్ పాషా, వేలాది జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ సంవత్సరానికి ప్రముఖ వ్యక్తిగా అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన్నే ఎంచింది. కాని ఆ పత్రికలే ఆయన మంచంమీద పడుకుని రాయబారులతో మాట్లాడటాన్ని, సభలో కన్నీళ్ళు పెట్టుకోవడాన్ని, పైజామాను వేళాకోళం చేశాయి.

1952 జూన్‌లో హేగ్ నగరానికి వెళ్ళారు. ఆయన వాదన ఏమంటే, చమురు ఒప్పందం ఒక కంపెనీతో జరిగింది, బ్రిటన్ అనే దేశంతో కాదు. కనుక రెండు దేశాల తగాదాగా దీన్ని విచారించే అధికారం ఈ కోర్టుకు లేదు. జూలై 22న తీర్పు వచ్చింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇరాన్ మాటే సరియైనదన్నారు, అయిదుగురు కాదన్నారు. ఆ తొమ్మిదిమందిలో ఒకరు బ్రిటన్‌కే చెందిన న్యాయమూర్తి, కోర్టు అధ్యక్షుడైన సర్ ఆర్నాల్డ్ మెక్‌నేర్. స్వదేశానికి వ్యతిరేకంగా న్యాయం చెప్పగలిగిన ఆ పెద్దమనిషిని కూడా మనం తలచుకోవాలి. న్యాయానికి జాతి లేదని మేము పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

దీనికి కొద్దిరోజుల ముందు ఇంట్లో పెద్ద తుఫాను రేగింది. యుద్ధ మంత్రిత్వ శాఖ తన కిందికి రావాలని ముసద్దిఖ్ అడిగారు, షా కాదన్నాడు. ఆయన రాజీనామా చేశారు. జూలై 21న జనం వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్చింది, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. షా దిగివచ్చి మళ్ళీ ఆయన్నే ప్రధానిని చేశాడు.

1953 ఏప్రిల్‌లో జపాన్‌కు చెందిన ఇదెమిత్సు కంపెనీ నిషో మారు అనే ఓడను అబాదాన్ పంపి చమురు కొన్నది. బ్రిటిష్ కంపెనీ టోక్యో కోర్టులో దావా వేసి ఓడిపోయింది. అప్పుడప్పుడే పరాయి సైన్యం నీడ నుంచి బయటపడిన దేశం ఈ ధైర్యం చూపింది. అయినా ఇలాంటి ఓడలు కొద్ది. పెద్ద కంపెనీలన్నీ ఒక్కటై కొనకుండా కూర్చున్నాయి. ఖజానా వట్టిపోయింది.

ఇంత ఇబ్బందిలో కూడా ఆయన కొన్ని మంచి చట్టాలు చేశారు. భూస్వాముల వాటాలో నూటికి ఇరవై పాళ్ళు తీసి సగం కౌలు రైతులకు, సగం గ్రామ నిధికి చెందేలా చేశారు. కార్మికులకు బీమా ఏర్పరిచారు. తాను భూస్వామి అయి వుండీ ఈ పని చేశారు. ప్రధానిగా జీతం తీసుకోలేదు.

కుట్ర

1952 అక్టోబరులో ఇరాన్ బ్రిటన్‌తో సంబంధాలు తెంచుకుంది. రాయబార కార్యాలయంతోబాటు బ్రిటిష్ గూఢచారులకు నిలువ నీడ పోయింది. అప్పుడు బ్రిటన్ అమెరికాను ఆశ్రయించింది. ట్రూమన్ కుట్రకు అంగీకరించలేదు. కాని 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాడు. ఇరాన్ కమ్యూనిస్టుల పాలవుతుందన్న భయం చూపి ఆయన మనుషులను వొప్పించడం సులువైంది. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ., మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మనుమడు కెర్మిట్ రూజ్‌వెల్ట్ చేతికి పని అప్పగించింది. పత్రికలకు డబ్బు, సభ్యులకు డబ్బు, వీధి రౌడీలకు డబ్బు పంచారు. ప్రధాని పదవికి జనరల్ జాహెదీని ఎంచుకున్నారు.

అంతా విదేశీయులే చేశారని చెబితే అది సగం నిజమే అవుతుంది. ఇంటి గోడ బీటలువారకపోతే దొంగ లోపలికి రాలేడు. మొదట వెన్నంటి వున్న ఆయతుల్లా కాషానీ వంటివారు విడిపోయారు. సైన్యంలో అసంతృప్తి పెరిగింది. బజారులో సరుకులు లేక సామాన్యుడు విసిగాడు. ముసద్దిఖ్ మజ్లిస్ నుంచి ప్రత్యేక అధికారాలు తీసుకున్నారు, వాటిని ఏడాదిపాటు పొడిగించుకున్నారు. 1953 ఆగస్టులో మజ్లిస్ రద్దు కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిపించారు. అవును అనేవారికి ఒకచోట, కాదు అనేవారికి వేరొకచోట పెట్టెలు పెట్టారు. ఎవరు ఎటు వేశారో అందరికీ తెలిసిపోయే ఓటు ఏం ఓటు? నూటికి 99 మందికి పైగా అవునన్నారని లెక్క వచ్చింది. జీవితమంతా చట్టాన్ని కొలిచిన మనిషి ఈ ఒక్కచోట చట్టం నుంచి కాలు జారారని మేము భావిస్తున్నాము. మజ్లిస్ లేనప్పుడు ప్రధానిని తొలగించే హక్కు నాదే అని షా చెప్పుకోవడానికి దారి దొరికింది.

ఆగస్టు 15 అర్ధరాత్రి కర్నల్ నసీరీ తొలగింపు ఫర్మానాతో ప్రధాని ఇంటికి వచ్చాడు. ముందే సమాచారం అందినందున అతన్నే నిర్బంధించారు. షా బాగ్దాదుకు, అక్కడినుంచి రోముకు పారిపోయాడు. కుట్ర విఫలమైందని అందరూ అనుకున్నారు. ఆగస్టు 18 సాయంత్రం అమెరికా రాయబారి హెండర్సన్ ముసద్దిఖ్‌ను కలిసి, వీధుల్లో మా వాళ్ళకు రక్షణ లేదని ఫిర్యాదు చేశాడు. అతిథులకు ఇబ్బంది కలగరాదని ఆయన గుంపులను చెదరగొట్టమని పోలీసులకు ఆజ్ఞ ఇచ్చారు. తన పక్షంవారిని ఇళ్ళలో వుండమన్నారు. మర్నాడు, 1953 ఆగస్టు 19న, ఖాళీ అయిన ఆ వీధుల్లోకి డబ్బు పుచ్చుకున్న గుంపులు, వాటి వెనక సైన్యం వచ్చాయి. ప్రధాని ఇంటిని ట్యాంకులతో కొట్టారు. ఆ ఒక్కరోజు దాదాపు మూడువందలమంది చనిపోయారని చెబుతారు. గోడ దాటి తప్పించుకున్న ముసద్దిఖ్ మర్నాడు లొంగిపోయారు.

ప్రపంచ దేశాలు ఏం చేశాయి?

ఇక అసలు విషయానికి వస్తాము. ఎన్నికైన ప్రభుత్వం కూలింది. మరి ప్రపంచం ఏమన్నది?

అమెరికా సంగతి మొదట. ముసద్దిఖ్ సహాయం కోరితే, చమురు తగాదా తేలనిదే పన్ను కట్టేవారి సొమ్ము ఇవ్వడం న్యాయం కాదని ఐసెన్‌హోవర్ జూన్ చివరలో ఉత్తరం వ్రాశాడు. కుట్ర జరిగిన మూడు వారాల లోపలే, సెప్టెంబరు 5న, జాహెదీ ప్రభుత్వానికి నాలుగున్నర కోట్ల డాలర్ల అత్యవసర సహాయం ప్రకటించాడు. తగాదా మాత్రం ఇంకా తేలలేదు. మారింది ప్రధానమంత్రి ఒక్కడే.

బ్రిటన్ డిసెంబరులో సంబంధాలు పునరుద్ధరించుకుంది. ఆ నెలలోనే అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ టెహ్రాన్ వచ్చాడు. ఈ రెంటికీ నిరసనగా టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో గొడవ జరిగితే డిసెంబరు 7న సైనికులు ముగ్గురు విద్యార్థులను కాల్చి చంపారు. ఇరాన్‌లో నేటికీ ఆ రోజును విద్యార్థి దినంగా పాటిస్తారు.

సోవియట్ యూనియన్ మాట వింతగా వుంటుంది. ఏ దేశం భయం చూపి కుట్ర జరిపించారో ఆ దేశం వేలు కూడా కదపలేదు. స్టాలిన్ మార్చిలోనే చనిపోయాడు, కొత్త నాయకులు తమ గొడవల్లో తామున్నారు. వారి పత్రికలు అమెరికాను నిందించి ఊరుకున్నాయి. యుద్ధకాలపు బాకీ కింద ఇరాన్‌కు ఇవ్వవలసిన పదకొండు టన్నుల బంగారం సోవియట్ చేతిలో వుంది. డబ్బుకు కటకటలాడిన ముసద్దిఖ్‌కు అది అందలేదు. 1955లో కుట్ర తర్వాతి ప్రభుత్వానికి అందింది. పేదల పక్షమని చెప్పుకునే దేశం చేసిన పని ఇది.

ఐక్యరాజ్యసమితిలో, 1951లో చమురు గురించి వాదించుకున్న భద్రతామండలి ముందుకు 1953లో ప్రభుత్వాన్ని కూల్చిన సంగతి రానే లేదు. కంపెనీ ఆస్తి పోతే చర్చ, ప్రజల ప్రభుత్వం పోతే మౌనం.

ఇరుగుపొరుగు ముస్లిం దేశాలు కూడా ఏమీ తక్కువ తినలేదు. షాకు మొదట ఆశ్రయమిచ్చింది ఇరాక్ రాజు. 1955లో బ్రిటన్, టర్కీ, ఇరాక్, పాకిస్తాన్‌లతో కలిసి ఇరాన్ బాగ్దాద్ కూటమిలో చేరింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో స్వతంత్ర ఆసియా, ఆఫ్రికా దేశాలు 29 సమావేశమైనప్పుడు ఇరాన్ కుర్చీలో కూర్చున్నది కుట్ర తర్వాతి పాలన ప్రతినిధులే. కుట్ర నిలబడితే చాలు, కుర్చీ దానంతట అదే వస్తుందని లోకం నేర్చుకుంది. మరుసటి ఏడే, 1954లో, మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో మరో ఎన్నికైన అధ్యక్షుడు ఆర్బెంజ్‌ను అమెరికా అలాగే దింపించింది.

చమురు ఏమైంది? 1954లో కొత్త ఒప్పందం కుదిరింది. పేరుకు చమురు జాతీయమే. తీసి అమ్మే పని మాత్రం విదేశీ కంపెనీల సమూహానిది. పాత బ్రిటిష్ కంపెనీకి 40 పాళ్ళు, అమెరికన్ కంపెనీలకు 40, షెల్‌కు 14, ఫ్రెంచి కంపెనీకి 6. అంతకుముందు ఇరాన్ చమురులో అమెరికాకు వాటాయే లేదు. ఈ నాలుగు అంకెలు చూస్తే, ఏ దేశం ఎందుకు ఎలా స్పందించిందో వేరే వివరించనక్కరలేదు.

చివరి సంవత్సరాలు

1953 నవంబరులో సైనిక న్యాయస్థానం ముందు ముసద్దిఖ్‌ను నిలబెట్టారు. చట్టబద్ధమైన ప్రధానిని తానేనని, తనను విచారించే అధికారం ఈ కోర్టుకు లేదని ఆయన వాదించారు. హేగ్‌లో చేసిన వాదనే వేరే రూపంలో ఇక్కడా చేశారు. అక్కడ న్యాయమూర్తులు విన్నారు, ఇక్కడ సైనికాధికారులు వినలేదు. మరణశిక్ష కోరగా మూడేళ్ళ ఏకాంత ఖైదు విధించారు. ఆయన విదేశాంగ మంత్రి డాక్టర్ హుసేన్ ఫాతిమీని మాత్రం 1954 నవంబరులో కాల్చి చంపారు.

ఖైదు ముగిశాక అహ్మదాబాద్‌లో ఇంటి నిర్బంధం. శిక్షలో లేని శిక్ష అది. పదేళ్ళకు పైగా అలా గడిచింది. 1965లో భార్య పోయారు. ఆయనకు జబ్బు చేస్తే వైద్యానికి టెహ్రాన్ తీసుకువచ్చారు. 1967 మార్చి 5న తల్లి పెట్టించిన ఆ నజ్మియా ఆసుపత్రిలోనే కన్ను మూశారు. 1952 జూలైలో తనకోసం ప్రాణాలిచ్చినవారి పక్కన పూడ్చమని కోరుకున్నారు. షా అనుమతించలేదు. అహ్మదాబాద్ ఇంట్లోనే ఒక గదిలో ఖననం చేశారు.

1979లో షా పాలన కూలింది. ఆ మార్చి 5న లక్షలాదిమంది ఆ పల్లెకు తరలి వెళ్ళారు. టెహ్రాన్‌లో పెద్ద వీధికి ఆయన పేరు పెట్టి, కొద్దికాలానికే కొత్త పాలకులు అదీ మార్చేశారు. కైరోలో మాత్రం ఆయన పేరిట వీధి వుంది. అమెరికా విదేశాంగ మంత్రి ఆల్‌బ్రైట్ 2000 మార్చిలో తమ దేశం ఆ కుట్రలో ముఖ్యపాత్ర వహించిందని బహిరంగంగా చెప్పారు. 2009లో అధ్యక్షుడు ఒబామా కైరో ఉపన్యాసంలో అదే వొప్పుకున్నారు. 2013లో సి.ఐ.ఏ. తన పాత కాగితాలు విడుదల చేసి కుట్ర తానే నడిపినట్టు వ్రాతపూర్వకంగా అంగీకరించింది. అరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆ మనిషి లేడు, ఆయన తరం కూడా దాదాపు లేదు.

మనకు మిగిలేది

ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. కోర్టులో గెలిచి చివరకు ఓడిపోయినవాడి చదువు ఏం పనికి వచ్చిందని. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పే జవాబు ఇది. ట్యాంకుల గెలుపు పాతికేళ్ళు నిలిచి 1979లో కొట్టుకుపోయింది. హేగ్ తీర్పు డెబ్భై ఏళ్ళు దాటినా న్యాయశాస్త్ర గ్రంథాల్లో చెక్కుచెదరలేదు. 1956లో నాసిర్ సూయెజ్ కాలువను జాతీయం చేసినప్పుడు, తర్వాత ఎన్నో దేశాలు తమ గనులు తాము తీసుకున్నప్పుడు, ముసద్దిఖ్ నడిచిన దారి వాళ్ళ ముందు వుంది.

అలాగని లోకం తనంతట తాను న్యాయం చేస్తుందని ఎదురు చూడరాదు. పరాయివారి సానుభూతి వారి లాభనష్టాల కొలతలోనే వుంటుంది. అది ముస్లిం దేశమైనా, క్రైస్తవ దేశమైనా, దేవుడే లేడనే దేశమైనా ఒకటే. నిలబెట్టేది ఇంట్లోని ఐకమత్యం, రహస్యంగా స్వేచ్ఛగా పడే ఓటు, ఎవరికోసమూ వంగని చట్టం. ఈ మూడింటిలో ఏది బలహీనమైనా బయటివాడికి తలుపు తెరిచినట్టే. ముసద్దిఖ్ మొదట రెండవదాన్ని, మూడవదాన్ని కాపాడి మహానుభావుడయ్యారు. చివరి నెలల్లో అవి సడలితే దాని ఫలితం ఆయనొక్కరే కాదు, దేశమంతా అనుభవించింది.

మన పిల్లల్లో లెక్కలు బాగా వచ్చినవారున్నారు, చక్కగా వాదించగలవారున్నారు. పదో తరగతితో ఆపి వారిని దుకాణంలో కూర్చోబెట్టే తలిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలని మా మనవి. ఖాతా పుస్తకం చదవగలవాడు, చట్టం చదవగలవాడు తన ఇంటికే కాదు, తన దేశానికి కూడా పనికివస్తాడు. వకీలు కాగలిగిన పిల్లవాణ్ణి వకీలుని చేయండి. హిసాబ్ తెలిసిన అమ్మాయిని చదివించండి. వారి చేతిలో రాజ్యాంగం వుంటే రేపు ఏ తగాదాలోనైనా తలెత్తి మాట్లాడగలరు.